చెన్నకేశవులన్న మనవడి కారు సీటు

"ఈ రాష్ట్రంలో పుట్టిన ప్రతి బిడ్డా సీటు బెల్టు పెట్టుకునే పెరగాల. ఆ ఉద్యమాన్ని నా ఇంటి నుంచే, నా మనవడి నుంచే మొదలుపెడతాండా!" అని చెన్నకేశవులన్న నంద్యాల ప్రెస్ మీట్‌లో ప్రకటించగానే హాలంతా చప్పట్లతో మారుమోగింది. మనవడి వయసు అప్పటికి పంతొమ్మిది రోజులు. ఉద్యమకారుల్లో ఇంత చిన్నవాణ్ని నేను ఎప్పుడూ చూడలేదు.

నేను జిల్లా పేజీకి వార్తలు రాసే విలేకరిని. పన్నెండేళ్లుగా అన్న ప్రెస్ మీట్లకు వెళ్తున్నాను. సమోసాలు బాగుంటాయి. వాటికంటే బాగుండేది అన్న దూరదృష్టి. ఆయనకు ప్రస్తుతానికి ఏ పదవీ లేదు. పద్నాలుగు బండ్లు మాత్రం ఉన్నాయి. పదవి వచ్చాక బండ్లు కొనేవాళ్లను చూశాం గానీ, పదవి కోసం బండ్లను ఇంత ముందుగా సిద్ధం చేసుకున్నవారు మన జిల్లాలో మరొకరు లేరు.

అన్న కోడలు దీపిక కాన్పుకు నంద్యాలలో పుట్టింటికి వచ్చింది. మగబిడ్డ పుట్టాడు. ఆనవాయితీ ప్రకారమైతే మూడో నెలలో బిడ్డను ఆళ్లగడ్డకు, తాతగారింటికి తీసుకెళ్లాలి. అయితే ముప్పై రెండో రోజున మంత్రిగారు అహోబిలం వెళ్తూ ఆళ్లగడ్డలో పది నిమిషాలు ఆగి మనవణ్ని దీవిస్తానని కబురు పంపారు. పురోహితుడు పంచాంగం మళ్లీ తిరగేసి, ముప్పై రెండో రోజు అద్భుతంగా ఉందనీ, ఇంతకుముందు కళ్లద్దాలు లేక చూడలేదనీ చెప్పాడు. రాష్ట్ర రహదారి భద్రతా సలహా మండలికి చైర్మన్ పోస్టు ఖాళీగా ఉండటానికీ, మనవడి కారు సీటుకూ సంబంధం ఉందని గిట్టనివాళ్లు అంటున్నారు. ఉంది. అన్న దాన్ని ఎన్నడూ దాచలేదు.

మర్నాడే కారు సీటునూ, బిడ్డను కూర్చోబెట్టి తోసే స్ట్రోలర్ బండినీ ఎంచడానికి మండలానికొకరు చొప్పున ఐదుగురితో సెలక్షన్ కమిటీ వేశారు. కమిటీ నంద్యాలలో మాధవయ్య గారి పిల్లల సామాన్ల షాపుకు బయల్దేరింది. కమిటీ వెనక అన్న, అన్న వెనక పీఏ గురుప్రసాద్, వాళ్ల వెనక దీపిక, భర్త శ్రీకాంత్ వచ్చారు. శ్రీకాంత్ మంచి కుర్రాడు. తండ్రి ఏమన్నా "ఊఁ" అంటాడు. భార్య ఏమన్నా "ఊఁ" అంటాడు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఒక్క "ఊఁ"తో సరిపెడతాడు.

మాధవయ్య మొదటి స్ట్రోలర్ బయటికి తీశాడు.

"ఇదేందప్పా, మూడు చక్రాలు? ఆటో మాదిరుంది" అన్నాడు సిరివెళ్ల సభ్యుడు. "అన్న మనవడు ఆటోలో పోతాడా?"

రెండోదానికి నాలుగు చక్రాలున్నాయి. రుద్రవరం సభ్యుడు పరుపు ఎత్తి చూసి కెవ్వుమన్నాడు. అడుగున వేసిన గుడ్డ ప్రతిపక్షం జెండా రంగులో ఉంది.

"మాధవయ్యా! ఏంది నీ ఉద్దేశం?"

"అయ్యో, అది కంపెనీవాళ్లు వేసిన గుడ్డ సామీ!" మాధవయ్య చేతులు జోడించాడు. "నాకు ఏ పార్టీ లేదు. వ్యాపారం చేసుకునేవాణ్ని."

అన్న అక్కడికక్కడే క్షమించారు. క్షమించిన టైము పదకొండూ పది. రాసుకున్నాను.

మూడోది అందరికీ నచ్చింది. పదిహేను కిలోల దాకా మోస్తుందని కంపెనీ పుస్తకంలో ఉంది. కంపెనీల మాట కమిటీ నమ్మదు. చాగలమర్రి సభ్యుడిది తొంభై కిలోల శరీరం. ఆయన ప్రజాసేవలో భాగంగా స్ట్రోలర్‌లో కూర్చున్నాడు. మిగతా నలుగురూ షాపు గుమ్మం నుంచి మెయిన్ రోడ్డు దాకా తోసుకుపోయి, మళ్లీ తోసుకొచ్చారు. రోడ్డు మీద ఇద్దరు నమస్కారం కూడా పెట్టారు. తీరా దిగబోతే దిగడానికి రాలేదు. శ్రీకాంత్ ఒక రెక్క, గురుప్రసాద్ ఒక రెక్క పట్టుకుని లాగితే టపుక్కున ఊడి వచ్చాడు.

"మంచి పట్టుండాది" అని సర్టిఫై చేశాడాయన, నడుం రుద్దుకుంటూ.

అన్నకు ఒకటే సందేహం. "దీన్ని నెట్టేదెవురు?"

"ఎవరైనా ఒకరు వెనక నుంచి నెట్టాలన్నా" అన్నాడు మాధవయ్య.

"ఒకరంటే మిగిలిన నాలుగు మండలాలు ఊరుకుంటాయా?" అన్నారు అన్న. నిజమే. హ్యాండిల్‌కు ఆరడుగుల ఇనుప గొట్టం వెల్డింగ్ చేయించి, ఐదుగురూ ఒకేసారి పట్టుకునేలా తీర్మానించారు. వెల్డింగ్ నిప్పురవ్వలు లేచినప్పుడు మాధవయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కళ్లకు మంచిది కాదని కాబోలు.

ఇక కారు సీటు. మాధవయ్య తీసిన సీటును కారులో బెల్టుతో కట్టొచ్చు, దిగాక అదే సీటును బిడ్డతో సహా స్ట్రోలర్ మీద టక్కున బిగించొచ్చు. పడుకున్న బిడ్డను లేపే పని లేదు. అప్పటిదాకా నోరు విప్పని దీపిక ముందుకొచ్చింది. ఆమె ఫిజియోథెరపిస్టు. మెడల సంగతి తెలిసిన మనిషి.

"మామా, నావి మూడే మాటలు" అంది. "ఈ సీటు కారులో వెనక సీట్లోనే ఉండాల. బిడ్డ ముఖం బండి వెనక్కే తిరిగుండాల. ముఖం మీద ఏమీ కప్పకూడదు. వాని మెడ ఇంగా నిలబడలే. బ్రేకు కొడితే తల ముందుకు విసిరేసినట్లయితాది. వెనక్కి తిరిగుంటే సీటే వీపును, తలను పట్టుకుంటాది. ఈ మూడూ కుదరకుంటే నా బిడ్డ నంద్యాల దాటడు."

కమిటీ ఐదుగురూ అన్న వైపు తిరిగారు.

"ఎనక సీట్లోనా?" అన్నారు అన్న.

"అవును మామా."

"అదీ ఎనక్కి తిరిగా?"

"అవును మామా."

"తల్లీ, మా ఇంట్లో ఎనక సీట్లో కూర్చున్నోడు లేడు. మా తాత ఎద్దులబండిలో గూడా నొగల కాడనే కూర్చునె. ఇంగ ఎనక్కి తిరిగి పొయ్యేదా? చూసినోళ్లు ఏమనుకుంటారు? మనోడు ఊర్లోకి వస్తాండాడా, పారిపోతాండాడా?" అని నా వైపు చూశారు. నేను పెన్ను జేబులో పెట్టుకున్నాను.

"వానికి నెల గూడా నిండలే మామా. వాణ్ని చూసి ఎవరూ ఏమీ అనుకోరు."

"నన్ను చూసి అనుకుంటారు గదమ్మా!"

ఇలాంటి సంక్షోభాల్లోనే గురుప్రసాద్ లాంటివాళ్ల విలువ తెలుస్తుంది. అతను పెన్సిలుతో చెవి దగ్గర గోక్కుని లేచాడు.

"అన్నా, సీటును తిప్పే పని లే. బండిని తిప్పుదాం."

"అంటే?"

"నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా రివర్సులో పోదాం. అప్పుడు బాబు ఎటు చూస్తాడు? ఆళ్లగడ్డ దిక్కే! ఎనక సీటేమవుతాది? ముందర సీటవుతాది! అమ్మ మాటా నిలబడె, అన్న మర్యాదా నిలబడె."

అన్న లేచి గురుప్రసాద్‌ను కౌగిలించుకున్నారు. కమిటీ జిందాబాద్ కొట్టింది.

"అట్లయితే బిడ్డ ముందుకు చూస్తా పోయినట్టే కదా మామా!" దీపిక గొంతు పెంచింది. "బ్రేకు కొడితే మళ్లా తల..."

"అదే కదమ్మా మనకు కావాల్సింది, ముందుకు చూసేది!" అన్నారు అన్న, కోడలు ఇంత తొందరగా ఒప్పుకున్నందుకు పొంగిపోతూ.

"వాడు నా బిడ్డ మామా."

"రాష్ట్రం బిడ్డమ్మా!"

శ్రీకాంత్ "ఊఁ" అన్నాడు. ఎవరికి అన్నాడో తెలియలేదు.

ప్రయాణానికి మూడు రోజుల ముందు సంజీవనగర్‌లో దీపిక పుట్టింటి ముందే రిహార్సల్ పెట్టారు. మే నెల. నంద్యాల ఎండ నలభై నాలుగు. బిడ్డను ఎండలోకి తేనని దీపిక తేల్చి చెప్పడంతో గురుప్రసాద్ పుచ్చకాయను తెప్పించి సీట్లో కట్టించాడు. "బాబు నాలుగు కిలోలు, కాయ నాలుగు కిలోలు, తూకమేసి తెచ్చినా" అన్నాడు. ఎంత పద్ధతైన మనిషి! కాయకు ఊలు కుళ్లాయి కూడా తొడిగాడు.

కాన్వాయ్ దారిలో ఊరూరా శాలువాలు కప్పుతారు కదా, దానికీ రిహార్సల్ కావాలి. మన దగ్గర పెద్దమనిషి కనిపిస్తే శాలువా కప్పకుండా పంపడం మర్యాద కాదు, అందులో చిన్నాపెద్దా తేడా లేదు. ఒక్కొక్కరే వచ్చి పుచ్చకాయకు శాలువా కప్పి, ఫొటోకు నవ్వి, పక్కకు జరిగారు. పదకొండు శాలువాలయ్యాయి. డప్పులు మోగుతున్నాయి.

దీపిక వాకిట్లోంచి వచ్చి శాలువాల కిందికి చెయ్యి పోనిచ్చి పుచ్చకాయను తాకింది.

"కాలిపోతాంది" అంది.

డప్పుల్లో ఆ మాట ఎవరికీ వినపడలేదు. పక్కనే ఉన్న శ్రీకాంత్‌కూ, నాకూ వినపడింది. వింతేమిటంటే, ఈసారి అతను "ఊఁ" అనలేదు. ఆమె ముఖం చూసి నాకే భయమేసింది.

తర్వాత గురుప్రసాద్ సీటింగ్ చదివాడు. మొదటి బండిలో బాబు, పక్కన అన్న, ఆ పక్కన వీడియో కెమెరా. బాబు తల్లి పన్నెండో బండిలో, మహిళా విభాగంతో. ఎందుకంటే తల్లి పక్కన కూర్చుంటే ఫొటోలో అన్న సగమే పడతారు.

దీపిక సీట్లోని పుచ్చకాయ వైపు ఒకసారి చూసింది. తర్వాత తల వంచుకుని, "సరే మామా. మీరు చెప్పినట్లే" అంది. "ఒక్కటే మాట. బిడ్డను నేనే సీట్లో కట్టి, ముసుగేసి తెచ్చిస్తా. ఇంటికి పోయి హారతిచ్చేదాకా ముసుగు ఎవరూ తీయొద్దు. ఇంతమంది కళ్లు పడతాయి. దిష్టి తగులుతాది."

ముఖం మీద ఏమీ కప్పకూడదన్న తన మూడో మాటను తానే వదులుకుంది. అన్న కళ్లు చెమ్మగిల్లాయి. "కోడలంటే ఇట్లుండాల. రాసుకోప్పా" అన్నారు నాతో. రాసుకున్నాను.

ముప్పై రెండో రోజు పొద్దున ఆరు గంటలకు దీపిక ముసుగు వేసిన సీటును రెండు చేతులా జాగ్రత్తగా తెచ్చి, తానే బెల్టు బిగించి, ఇంట్లోకి వెళ్లిపోయింది. పద్నాలుగు బండ్లూ బానెట్లు నంద్యాల వైపు, డిక్కీలు ఆళ్లగడ్డ వైపు పెట్టుకుని కదిలాయి. తల్లి ఏ బండి ఎక్కిందని ఎవరూ అడగలేదు. ప్రోటోకాల్ రాసిపెట్టి ఉన్నప్పుడు అడగాల్సిన పనేముంది?

నేను ఫొటోగ్రాఫర్లతో రెండో బండిలో ఉన్నాను. మనిషి జన్మెత్తాక ఒక్కసారైనా అలా ప్రయాణం చేయాలి. గంటకు పది కిలోమీటర్లు. పద్నాలుగు బండ్లు ఒకేసారి రివర్సు గేరులో కుయ్యోమని అరుస్తుంటే రోడ్డు పక్క గేదెలు లేచి నిలబడ్డాయి. బస్సుల్లోంచి జనం తలలు బయటపెట్టి, వీళ్లు వస్తున్నారా పోతున్నారా అని పందేలు కట్టుకున్నారు.

ఒక ఊళ్లో దండలు పట్టుకుని నిలబడ్డ కార్యకర్తలు బానెట్లు చూసి బెంబేలెత్తిపోయారు. "అప్పుడే తిరిగిపోతాండారా అన్నా? యింగా రానేలే కదా! కాఫీ అన్నా తాగిపోండి!" అని బండి వెంట పరిగెత్తారు. బండి వాళ్ల వైపే వస్తుండటంతో ఒకాయన దండతో సహా కాలువలో పడ్డాడు.

ఇంకోచోట ఎస్సై ఆపాడు. చాలాసేపు ఆలోచించాడు. "బండ్లు ఎడమపక్కనే పోతాండాయి. పొయ్యేది ఆళ్లగడ్డకే. ముఖాలే తప్పుగా ఉండాయి. ముఖాలకు సెక్షన్ లేదు" అని సెల్యూట్ కొట్టి వదిలేశాడు. చట్టం తెలిసిన అధికారి.

అన్న బండి డ్రైవరు జాషువా. పదో కిలోమీటరు దగ్గర అన్నాడు: "అన్నా, మెడ పట్టేసింది."

"ఉద్యమంలో త్యాగాలుంటాయి జాషువా."

"తల ఇటు తిరగడంలేదన్నా."

"తిరిగే పనేముండాది? పొయ్యేది అటే కదా!"

ఊరూరా శాలువాలు. బిడ్డ మీద గుట్టలా పెరిగిపోయాయి. అంత ఎండలో, అంత రొదలో, అన్నిసార్లు బ్రేకులు కొట్టినా బిడ్డ ఒక్కసారి కిక్కురుమనలేదు. "చూసినారా క్రమశిక్షణ!" అని అన్న కిటికీలోంచి నాకు వేలు చూపించారు.

సిరివెళ్ల దగ్గర చిన్న అపశ్రుతి. నంద్యాల నుంచి ఒక తెల్ల కారు వచ్చి మా వెనక, అంటే మా ముందర, ఆగి హారన్ కొట్టింది. చాగలమర్రి సభ్యుడు దిగి వెళ్లాడు. ఫొటో వస్తుందేమోనని నేనూ వెళ్లాను. డ్రైవరు ముఖానికి తువ్వాలు చుట్టుకున్నాడు. వెనక సీట్లో ఒకామె కొంగు కప్పుకుని కూర్చుంది. ముఖం ఎక్కడో చూసినట్టే ఉంది. విలేకరికి అందరి ముఖాలూ ఎక్కడో చూసినట్టే ఉంటాయి. ఆమె పక్కన మాధవయ్య షాపులో చూసినటువంటిదే కారు సీటు, అందులో ఒక చంటిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆ సీటు బండి వెనక్కి తిరిగి ఉంది, బండేమో ముందుకు పోతోంది. ఇంత పెద్ద ఉద్యమం జరుగుతున్నా జనంలో అవగాహన రాలేదే అని బాధపడ్డాను.

"యో! కండ్లు కనపడలేదా? పక్కకు తీయ్!" అన్నాడు సభ్యుడు. "అన్న మనవడు పోతాండాడు!"

"చంటిబిడ్డ ఉండాడప్పా, ఏడుస్తాండాడు. బేగా పోనీయ్" అన్నాడు తువ్వాలు మనిషి.

"ఏ బిడ్డయినా అన్న మనవని తర్వాతనే. నీ బిడ్డను చూడనీకి మంత్రి ఏమన్నా వస్తాండాడా?"

ఏడుపు అన్న దాకా వినిపించింది. "పాపం, ఎవురి బిడ్డో! మా కానుకగా ఒక శాలువా కప్పి రాండప్పా" అన్నారు. ఎంత మనసు! కానీ ఆ కారులోని ఆమె అద్దం పైకెత్తేసింది. కొందరికి మర్యాద చేసినా తెలియదు.

అన్నకు ఎందుకో కొడుకు గుర్తొచ్చి ఫోన్ చేశారు. "శ్రీకాంతూ, యాడుండావురా?"

"వెనకనే ఉండా నాయనా."

"ఆఁ, వరస తప్పొద్దు."

సిరివెళ్లలో శాలువాల కోసం అరగంట ఆగినప్పుడు ఆ తెల్ల కారు సందు చూసుకుని, దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

పదకొండున్నరకు ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల కూడలి చేరాం. సీటును టక్కున స్ట్రోలర్ మీద బిగించారు. ఐదు మండలాలూ ఇనుప గొట్టం పట్టుకున్నాయి. ముందు డప్పులు, వెనక జాషువా. అతను ముందుకు నడుస్తూ వెనక్కి చూస్తున్నాడు, మెడ ఇంకా అటే ఉంది. టపాకాయలు కాల్చారు. మిద్దెల మీంచి పూలు చల్లారు. అరవై మూడు శాలువాల కింద భావి నాయకుడు నిబ్బరంగా ఉన్నాడు. నాకే ఒళ్లు పులకరించింది.

ఇంటి గడపలో అన్న భార్య గోవిందమ్మ నిలబడి ఉంది. చేతిలో హారతి పళ్లెం లేదు.

"ఏందయ్యా ఈ మూట?" అంది.

"మూటేంది? మనవడు! హారతేదీ?"

"హారతి తొమ్మిదిన్నరకే ఇచ్చినా. పిల్లోడు పాలు తాగి లోపల ఉయ్యాల్లో పండుకోనుండాడు. నీ కొడుకూ కోడలూ తెల్ల కారులో తీసకచ్చిరి. దోవలో యెవురో యెదవలు నిలబెట్టిరంట, ఎండకు పిల్లోడు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లె."

అన్న వంగి శాలువాల అంచు ఎత్తారు. పక్కనే ఉన్నాను కాబట్టి నేనూ చూశాను. ఊలు కుళ్లాయి. కుళ్లాయి కింద నున్నగా, గుండ్రంగా, పచ్చగా. బుగ్గ ఉండాల్సినచోట కాటుకతో దిష్టిచుక్క.

గుమ్మంలోకి దీపిక వచ్చింది. కొంగు ఇంకా తలమీదే ఉంది. "వాడు ఇప్పుడే నిద్రపోయినాడు మామా. లేపను" అంది. ఆమె వెనకే శ్రీకాంత్ మెడలో తువ్వాలుతో నిలబడి "లేపము నాయనా" అన్నాడు. తండ్రి ముందు అతను అంత పెద్ద వాక్యం మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

వీధి చివర సైరన్ మోగింది. మంత్రిగారు.

అన్న పుచ్చకాయను చూశారు. లైవ్ నడుస్తున్న కెమెరాను చూశారు. ఐదు మండలాలనూ, అరవై మూడు శాలువాలనూ చూశారు. నాయకత్వమంటే ఏమిటో నాకు ఆ మూడు సెకన్లలో అర్థమైంది. ఆయన శాలువా అంచు మెల్లగా దించి, సర్ది, లేచి నిలబడి చేతులు జోడించారు.

మంత్రిగారు నల్ల కళ్లద్దాలతో, గంధం బొట్టుతో దిగారు. పది నిమిషాలు నాలుగయ్యాయి, అహోబిలంలో దర్శనం టైము దాటుతోందట. స్ట్రోలర్ దగ్గరికి వచ్చి, శాలువా కొంచెం తొలగించి, ముఖం కెమెరా వైపు పెట్టి నవ్వారు.

"అబ్బబ్బా! అచ్చం కేశవులు పోలికే!"

"అచ్చం సార్!" అంది కమిటీ. నేనూ అన్నాను.

మంత్రిగారు ముద్దుగా రెండు వేళ్లతో తట్టారు. టక్ టక్ మంది. "గట్టిపిండం!" అన్నారు.

అప్పుడే ఇంట్లోంచి కెవ్వుమని ఏడుపు వినిపించింది.

"ఎవరో ఏడుస్తున్నారే?"

"ప్రతిపక్షం సార్" అన్నాడు గురుప్రసాద్. "అన్న ఎదుగుదల చూసి ఓర్వలేక."

మంత్రిగారు హాయిగా నవ్వి మైకు అందుకున్నారు. పసిబిడ్డల భద్రత కోసం ఇంత దూరం, ఇంత ఓపిగ్గా ప్రయాణించిన నాయకుణ్ని తాను చూడలేదని చెప్పి, చెన్నకేశవులు గారిని రాష్ట్ర రహదారి భద్రతా సలహా మండలి చైర్మన్‌గా ప్రకటించారు. మేళతాళాలు మిన్నంటాయి. మంత్రిగారి కారు కదిలింది, అదీ ముందుకే.

జనం పలచబడ్డాక వసారాలో కూర్చున్నాం. దీపిక బిడ్డను గోవిందమ్మ ఒళ్లో పెట్టి, జాషువా మెడను రెండు చేతులతో పట్టి మెల్లగా యథాస్థానానికి తెచ్చింది. తర్వాత స్ట్రోలర్ దగ్గరికి వెళ్లి, శాలువాలన్నీ తీసి పక్కన పడేసి, బెల్టు విప్పి, కుళ్లాయి ఊడదీసి, కాయను బావి నీళ్లతో కడిగింది. దిష్టిచుక్క పోయేదాకా కడిగింది. వసారాలోనే పీట వేసుకుని కోసి, మొదటి ముక్క చైర్మన్ గారికి ఇచ్చింది.

"ఎట్లుంది మామా?"

చైర్మన్ గారు నమిలారు. గింజ ఒకటి పక్కకు ఊశారు. ఇంకోసారి నమిలారు.

"చప్పగుందమ్మా" అన్నారు.